మాటలు రాని పిల్లలకు ఏ సాధనం? సైగల నుంచి కంటిచూపు పరికరం దాకా

బిడ్డకు మాటలు రావట్లేదని తెలిశాక అయినవాళ్ల నుంచి రెండు రకాల సలహాలు వస్తాయి. ఒకటి, "ఇంకొన్నాళ్లు చూద్దాం, వాడే మాట్లాడతాడు." రెండోది, "ఫలానా టాబ్లెట్ కొనండి, ఫలానా యాప్ వేయండి, అన్నీ సర్దుకుంటాయి." రెండూ పిల్లవాడిని సరిగా చూడకుండా ఇచ్చే సలహాలే. మొదటిదాంతో కాలం పోతుంది. రెండోదాంతో డబ్బు పోతుంది, కొన్న సాధనం నెల తిరక్కుండా అల్మరాలోకి చేరుతుంది.

ఏది ఎంచుకోవాలన్నా ముందు ఒక ప్రశ్న వేసుకోండి. దీంతో నా బిడ్డ అడగడం ఒక్కటే చేస్తాడా? వద్దనడం, నొప్పిగా ఉందని చెప్పడం, "అటు చూడు" అని పిలవడం, అలగడం, కబుర్లాడటం కూడా చేయగలడా? నేను ప్రతి సాధనాన్నీ ఈ ప్రశ్నతోనే కొలుస్తాను. కింద రాసిన పోలికంతా దాని చుట్టూనే ఉంటుంది.

ముందుగా తేల్చుకోవాల్సినవి

ఈ సాధనాలన్నిటినీ కలిపి స్పీచ్ థెరపిస్టులు ఏఏసీ (ఆగ్మెంటేటివ్ అండ్ ఆల్టర్నేటివ్ కమ్యూనికేషన్) అంటారు. నోటిమాటకు తోడుగానో, మాట బొత్తిగా రానప్పుడు దాని బదులుగానో వాడే దారులన్నీ అందులోకే వస్తాయి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్, నోటి కదలికలను మెదడు వరసగా నడిపించలేని అప్రాక్సియా, ఇలా కారణం ఏదైనా వీటిని వాడొచ్చు.

అన్నిటికంటే ముందు వినికిడి పరీక్ష చేయించండి. మాట రాకపోవడానికి వినపడకపోవడమే కారణమైతే దారి పూర్తిగా వేరు. వినపడని పిల్లలకు సంజ్ఞాభాష సొంత వ్యాకరణం ఉన్న నిండు భాష. దాన్ని ఈ సాధనాల పక్కన పెట్టి పోల్చడం సరికాదు.

ఇక అందరినీ వేధించే భయం ఒకటుంది: బొమ్మల కార్డులు గానీ యాప్ గానీ అలవాటైతే పిల్లలు నోరు విప్పడం మానేస్తారేమోనని. అది సహజమైన భయమే, కానీ తేలింది వేరు. 2006లో మిల్లర్, లైట్, ష్లాసర్ అనే ముగ్గురు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను వడపోశారు. గట్టి పద్ధతిలో జరిగినవాటిలో ఉన్న 27 మందిని చూస్తే, 89 శాతం మందికి నోటిమాట పెరిగింది. మిగతావాళ్లలో మార్పు లేదు. తగ్గినవాళ్లు ఒక్కరూ లేరు. పెరిగింది చాలామందిలో కొద్దిగానే, కాబట్టి సాధనం ఇవ్వగానే గలగలా మాట్లాడేస్తారని ఆశపడొద్దు. 2014లో కోనీ కసారి అనే పరిశోధకురాలి బృందం ప్రచురించిన అధ్యయనంలో, మాటలు అతి తక్కువగా ఉన్న 5 నుంచి 8 ఏళ్ల ఆటిజం పిల్లలు 61 మంది పాల్గొన్నారు. అందరికీ అందింది ఒకే రకం థెరపీ. కొందరికి మాత్రం మొదటి నుంచే మాట్లాడే పరికరాన్ని దానికి జోడించారు. తమంతట తాము మాట కలపడంలో వాళ్లే ముందున్నారు.

ఇంకో అపోహ అర్హతల గురించి. కుదురుగా కూర్చోవడం రావాలి, బొమ్మలు గుర్తుపట్టాలి, ఇంత వయసు రావాలి, అప్పుడే మొదలుపెడదాం అంటారు. అలాంటి షరతులేవీ అక్కర్లేదు. మాట్లాడే పిల్లలకు ముందు బుద్ధి పరీక్ష పెట్టి ఆ తర్వాత మనం మాటలు వినిపించడం లేదు కదా.

సైగలు

ఖర్చు లేదు, చార్జింగ్ అక్కర్లేదు, స్నానం చేయిస్తున్నా ఈత కొలనులో ఉన్నా వెంటే ఉంటాయి. వాక్యంలో ముఖ్యమైన మాటలకు మాత్రం సైగ చేస్తూ నోటితో వాక్యమంతా పలికే పద్ధతులున్నాయి. 1970లలో బ్రిటన్‌లో మొదలైన మకటాన్ అలాంటిదే. డౌన్ సిండ్రోమ్ ఉన్న చిన్నపిల్లల్లో చాలామందికి ఇది బాగా అబ్బుతుంది, ఎందుకంటే విన్నదానికంటే చూసినదాన్ని వాళ్లు తేలిగ్గా పట్టుకుంటారు.

లోటు కూడా తెలిసిందే. ఆ సైగ తెలిసినవాళ్లకే అర్థమవుతుంది. పక్కింటివాళ్లకు, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకు, కొత్తగా వచ్చిన టీచర్‌కు అర్థం కాదు. వేళ్లు, మణికట్టు సరిగా తిరగని పిల్లలకు కష్టం. అందుకని సైగల్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. అలాగని మానేయొద్దు కూడా. పిల్లలు సొంతంగా కనిపెట్టుకున్న సైగలు ఏవైనా ఉంటే ఒక కాగితం మీద రాసి, ఆ సైగకు అర్థమేంటో, మనమేం చేయాలో బడిలో ఇవ్వండి. పది నిమిషాల పని, ఎన్నో ఏడుపులు తగ్గుతాయి.

బొమ్మ ఇచ్చి అడిగే పద్ధతి

పెక్స్ అనే పేరు విని ఉంటారు. 1985లో అమెరికాలోని డెలవేర్‌లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ రూపొందించారు. పిల్లవాడికి బంతి కావాలి. బంతి బొమ్మ ఉన్న కార్డు తీసి ఎదుటివాళ్ల చేతిలో పెడతాడు, వాళ్లు వెంటనే బంతి ఇస్తారు. మొదట్లో వెనక ఇంకో పెద్దమనిషి కూర్చుని, ఒక్క మాట కూడా మాట్లాడకుండా చేయి అందించి సాయం చేస్తారు. "ఏం కావాలి?" అని అడగరు, ఎందుకంటే అడిగితేనే చెప్పడం అలవాటు కాకూడదు. మొత్తం ఆరు దశలు. దూరం నుంచి వచ్చి ఇవ్వడం, రెండు బొమ్మల్లో సరైనది ఎంచుకోవడం, వాక్యంగా పేర్చడం, చివరికి "నాకు కనిపించింది", "నాకు వినిపించింది" అంటూ వ్యాఖ్యానించడం దాకా వెళ్తుంది.

దీని బలం ఒక్కటే, కానీ పెద్దది: మనిషి దగ్గరికి రావడం నేర్పుతుంది. అవసరమైనప్పుడు ఎవరి వైపూ చూడకుండా ఏడ్చే పిల్లలకు, పెద్దవాళ్ల చేయి పట్టుకుని వస్తువు మీద పెట్టే పిల్లలకు ఇది మంచి ఆరంభం.

ఇబ్బంది ఏమిటంటే, చాలాచోట్ల ఇది మూడో దశ దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు పిల్లవాడి లోకమంతా "కావాలి" చుట్టూనే తిరుగుతుంది. వద్దనడానికి కార్డు ఉండదు, బాధ చెప్పడానికి కార్డు ఉండదు. పైగా కార్డుల పుస్తకం పెద్దవాళ్ల చేతిలో, పై అరలో ఉంటే మాట కూడా పై అరలో ఉన్నట్టే. పెక్స్ మొదలుపెడితే ఆరు దశలూ నడిపించే థెరపిస్ట్ దగ్గరే పెట్టండి. లేదా దీన్ని తొలి మెట్టుగా వాడి, కొన్ని నెలల్లోనే కింద చెప్పబోయే బోర్డుకో యాప్‌కో మారండి.

కమ్యూనికేషన్ బోర్డు, పుస్తకం

ఈ వారమే ఏదైనా మొదలుపెట్టాలంటే నేను చెప్పేది ఇదే. ఒక పెద్ద కాగితం మీద గళ్లు, గడికో బొమ్మ, బొమ్మ కింద మాట. లామినేషన్ చేయిస్తే చాలాకాలం ఉంటుంది. స్పెయిన్‌లోని అరగాన్ ప్రభుత్వం నడిపే ఆరాసాక్ వెబ్‌సైట్‌లో వేలకొద్దీ బొమ్మలు ఉచితంగా దొరుకుతాయి. సొంత అవసరానికి ప్రింట్ తీసుకోవచ్చు.

బోర్డు మీద ఏ మాటలు పెట్టాలన్న దగ్గరే చాలామంది దారి తప్పుతారు. జంతువులు, రంగులు, పండ్లు, వాహనాలు నింపేస్తారు. రోజంతా మనం మాట్లాడే మాటల్లో ఎక్కువ భాగం కొన్ని వందల మాటలే మళ్లీ మళ్లీ వస్తాయి: ఇంకా, వద్దు, అయిపోయింది, ఇది, అక్కడ, నేను, నువ్వు, వెళ్దాం, ఇవ్వు, ఆపు, చూడు, ఎక్కడ, బాగుంది, నొప్పి. వీటిని కోర్ మాటలు అంటారు. "ఏనుగు" అన్న మాట జంతువుల పుస్తకం తెరిచినప్పుడు పనికొస్తుంది. "వద్దు" మాత్రం లేచింది మొదలు పడుకునే దాకా పనికొస్తుంది.

బోర్డు తగిలిస్తే సరిపోదు, మనం దాంతో మాట్లాడాలి. ఉయ్యాల ఊపుతున్నారనుకోండి. ఆపారు, పాప మీ వైపు చూసింది. పాప వేలు పట్టుకుని బొమ్మ మీద పెట్టించకండి. మీరే "ఇంకా" గడి మీద వేలు పెట్టి, "ఇంకా ఊపనా?" అని ఊపండి. కాసేపయ్యాక "ఆపు" చూపించి ఆపండి. "గట్టిగా" చూపించి గట్టిగా ఊపండి. ఆపిన ప్రతిసారీ మనసులో పది అంకెలు లెక్కపెట్టేంత సేపు ఆగి, ఏదో ఎదురుచూస్తున్నట్టు చూడండి. పాప బోర్డు ముట్టుకోకపోయినా ఆట ఆపొద్దు, శిక్షగా ఊపడం మానొద్దు. వారాల తరబడి మీరొక్కరే చూపిస్తూ ఉండాల్సి రావచ్చు. మాట్లాడే పిల్లలు కూడా మొదటి మాట పలికే ముందు ఏడాది పాటు మన మాటలు వింటారు. బొమ్మల్లో మాట్లాడాల్సిన పిల్లలు బొమ్మల్లో మాట్లాడేవాళ్లను చూడాలి. ఈ ఒక్క అలవాటు లేకపోతే ఎంత ఖరీదైన సాధనమైనా మూలన పడుతుంది.

ఒక్క కాగితం చాలనప్పుడు పుస్తకంగా చేయొచ్చు. ఆస్ట్రేలియాలో గేల్ పోర్టర్ అనే స్పీచ్ పాథాలజిస్ట్ తీర్చిదిద్దిన పాడ్ పుస్తకాల్లో "నాకు ఏదో బాలేదు", "ఒకటి చెప్పాలి", "ప్రశ్న అడుగుతున్నా" వంటి గడుల నుంచి సంబంధించిన పేజీకి దారి ఉంటుంది. చెప్పదలుచుకున్నది కోపమో ప్రశ్నో ముందే తెలియడం వల్ల వినేవాళ్లకూ తేలిక.

చేయి కదలని పిల్లలకూ కాగితం పనికొస్తుంది. పెద్దవాళ్లు ఒక్కో వరస చూపిస్తూ చదువుతారు, తనకు కావాల్సింది వచ్చినప్పుడు బిడ్డ కళ్లార్పడమో తల ఊపడమో చేస్తుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ పలక అంచుల్లో బొమ్మలు అంటించి, అటు బిడ్డ, ఇటు మీరు కూర్చుంటే తన చూపు ఎటు పోతోందో నేరుగా కనిపిస్తుంది.

రికార్డు చేసిన గొంతు పలికే బటన్లు

నొక్కితే ముందే రికార్డు చేసిన మాట పలికే పెద్ద బటన్లు, తొమ్మిదో ఇరవయ్యో గడులున్న చిన్న పరికరాలు ఇవి. బిగ్‌మాక్, గోటాక్ ఈ రకానివే. నేను వీటికి ఎక్కువ మార్కులు వేయను. "గుడ్ మార్నింగ్ టీచర్" అని అందరితో పాటు చెప్పడానికి, ఆటలో "రెడీ, వన్ టూ త్రీ" అనడానికి, నొక్కితే ఏదో జరుగుతుందని తెలుసుకోవడానికి బాగుంటాయి. కానీ అందులో ఏ మాట ఉండాలో పెద్దవాళ్లే నిర్ణయిస్తారు, పిల్లవాడు సొంతంగా కొత్త వాక్యం చేయలేడు. తోడుగా పెట్టుకోండి, ప్రధాన సాధనంగా వద్దు.

మాట్లాడే యాప్‌లు, ప్రత్యేక పరికరాలు

బొమ్మ తాకితే గొంతు పలుకుతుంది, నాలుగు బొమ్మలు తాకితే వాక్యం పలుకుతుంది. గదికి అవతల ఉన్న అమ్మను కూడా పిలవొచ్చు. కాగితం ఇవ్వలేనిది ఇదే. ప్రొలోక్వో2గో, టచ్‌చాట్, టీడీ స్నాప్, ల్యాంప్ వర్డ్స్ ఫర్ లైఫ్, ఆవాజ్ డబ్బు పెట్టి తీసుకునేవి. సీబోర్డ్ ఓపెన్ సోర్స్, బ్రౌజర్‌లో తెరిచి ఇవాళే చూడొచ్చు.

యాప్‌ల మధ్య ఎంచుకునేటప్పుడు బొమ్మల అందం చూడకండి. నేను చూసే మొదటి విషయం, మాటల చోటు మారకుండా ఉంటుందా అన్నది. కీబోర్డు చూడకుండా టైప్ చేసేవాళ్ల వేళ్లకు అక్షరాల చోటు తెలిసినట్టే, ఈ పిల్లల వేళ్లకూ "వద్దు" ఎక్కడుందో తెలిసిపోతుంది. ఇవాళ ఎనిమిది గడులు, వచ్చే ఏడాది ఇరవై, ఆ తర్వాత అరవై అని మారుస్తూ పోతే ప్రతిసారీ మొదటి నుంచి నేర్చుకోవాలి. అందుకని పిల్లల చూపు, వేలు తట్టుకోగలిగినంత పెద్ద పట్టికతోనే మొదలుపెట్టి, ఇప్పుడు అక్కర్లేని మాటలను దాచి ఉంచే సౌకర్యం ఉన్నదాన్ని తీసుకోండి. దాచిన మాట తిరిగి తెరిచినప్పుడు దాని చోటులోనే కనిపించాలి.

రెండోది తాకే తీరు. కొందరు పిల్లలు వేలితో పాటు అరచేయి కూడా తెర మీద ఆనిస్తారు. అనుకోని మాట పలుకుతుంది, వాళ్లకే విసుగొచ్చి వదిలేస్తారు. సెట్టింగ్స్‌లో వేలు తీసినప్పుడే పలికేలా, లేదా కొంచెంసేపు నొక్కి ఉంచితేనే పలికేలా మార్చే వీలుందో లేదో చూడండి. గడి గడికీ రంధ్రం ఉన్న ప్లాస్టిక్ పలకను తెర మీద అమర్చినా ఈ ఇబ్బంది బాగా తగ్గుతుంది. దాన్ని కీగార్డ్ అంటారు. పట్టిక సైజును బట్టి చేస్తారు కాబట్టి సైజు ఖాయమయ్యాకే తెప్పించుకోండి.

మూడోది భాష. ఇంట్లో మాట్లాడే భాషలోనే సాధనం మాట్లాడాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ తెలుగు గొంతు ఉంది, మీరు చూస్తున్న యాప్ దాన్ని వాడుకోగలదా అని కొనే ముందే అడగండి. లేకపోతే బటన్లకు మన గొంతు రికార్డు చేసుకునే వీలైనా ఉండాలి, ఈడు పిల్లల గొంతైతే మరీ మంచిది. తెలుగుతో ఇంకో చిక్కుంది. మన క్రియలకు కాలం, లేదు, కాదు అన్నీ చివర్లోనే అతుక్కుంటాయి. ఇంగ్లీషు పట్టికను ఉన్నదున్నట్టు తెలుగులోకి మారిస్తే "నేను వెళ్లు లేదు" అని పలుకుతుంది. రోజూ వాడే క్రియలకు "వెళ్దాం", "వెళ్లను", "వెళ్లలేదు" అని విడివిడి బటన్లు మనమే చేసుకోవాలి. ఓపిక కావాలి గానీ, పిల్లల మాట మన మాటలాగే వినిపిస్తుంది. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష ఉంటే రెండు భాషలూ ఉంచండి, ఒకటి మానేయక్కర్లేదు.

నాలుగోది అక్షరాలు. ఇప్పుడు చదవడం రాకపోయినా అక్షరాల పేజీ ఉండాలి. బొమ్మలు మనం పెట్టినన్నే ఉంటాయి. మనం పెట్టని మాట చెప్పాలంటే అక్షరాలొక్కటే దారి.

సొంత టాబ్లెట్‌లో యాప్ వేసుకుంటే ఖర్చు తక్కువ, నలుగురిలో వేరుగా కనిపించదు. కానీ అదే టాబ్లెట్‌లో కార్టూన్లూ ఉంటే అది బొమ్మలు చూసే వస్తువే అవుతుంది. మాట్లాడే టాబ్లెట్ వేరుగా ఉంచండి, యాప్ బయటికి పోకుండా తాళం వేసే సౌకర్యం వాడండి. ప్రత్యేకంగా చేసిన పరికరాలు బరువు, ఖరీదు. కింద పడినా తట్టుకుంటాయి, స్పీకర్ గట్టిగా పలుకుతుంది, చక్రాల కుర్చీకి బిగించుకోవచ్చు. నడిచే, వేళ్లు బాగా పనిచేసే పిల్లలకు టాబ్లెట్ చాలు. కుర్చీలో ఉండి స్విచ్‌తోనో కళ్లతోనో నడపాల్సిన పిల్లలకు ప్రత్యేక పరికరం ఖర్చు న్యాయమైనదే.

కంటిచూపుతో నడిచే పరికరాలు

పరారుణ కాంతిని కంటి మీద ప్రసరింపజేసి, కెమెరాతో చూపు ఎక్కడ ఆగిందో లెక్కగడతాయి. చేతులు వశంలో లేని సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు, నేర్చిన మాటను, చేతుల వాడకాన్ని పోగొట్టే రెట్ సిండ్రోమ్ ఉన్న ఆడపిల్లలకు ఇవి పెద్ద దారి తెరిచాయి. అయితే ఎండలో సరిగా పనిచేయవు, పిల్లలు కూర్చున్న తీరు మారితే మళ్లీ సరిచేయాలి, కళ్లు త్వరగా అలసిపోతాయి. ఒక్కసారి చూసి "కుదరలేదు" అని తేల్చేయకండి. ముందు కుర్చీలో మెడకు, నడుముకు ఆసరా సరిచేసి, తర్వాత పరికరాన్ని పరీక్షించాలి. ఇది కొన్నా, అంచుల్లో బొమ్మలు అంటించిన పారదర్శక ప్లాస్టిక్ పలక ఇంట్లో ఉండాల్సిందే.

నేనైతే ఏది ఎంచుకుంటాను

మూడేళ్లలోపు పిల్లలకు సైగలు, కోర్ మాటల బోర్డు ఒకేసారి మొదలుపెడతాను, యాప్ గురించి కూడా అప్పుడే థెరపిస్ట్‌తో మాట్లాడతాను. కాగితం పూర్తిగా నేర్చాకే యాప్ ఇవ్వాలన్న మెట్ల లెక్కను నేను ఒప్పుకోను. మనుషుల దగ్గరికి రాని పిల్లవాడైతే పెక్స్ మొదటి దశలు, పక్కనే బోర్డు. మాట అర్థమవుతున్నా నోరు తిరగని అప్రాక్సియా పిల్లలకు ఆలస్యం చేయకుండా మంచి యాప్ ఇవ్వాలి, వాళ్లకు చెప్పాల్సింది లోపల చాలా ఉంటుంది. కొద్దిగా మాట్లాడుతూ బయటివాళ్లకు అర్థంకాని పిల్లలకు యాప్ వాళ్ల మాటకు ఆసరా: ముందు నోటితో, అర్థం కాకపోతే బటన్‌తో. ఎవరికైనా ఒక్కటే ఉండాలన్న నియమం లేదు. మనమూ నోటితో, చేతులతో, ముఖంతో, ఫోన్‌తో మాట్లాడుతూనే ఉన్నాం.

దూరంగా ఉండాల్సినది ఒకటుంది. పెద్దవాళ్లు పిల్లల చేయి పట్టుకునో, అక్షరాల పలకను తమ చేతిలో పట్టుకుని ప్రేరేపిస్తూనో రాయించే పద్ధతులు, ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్, రాపిడ్ ప్రాంప్టింగ్ మెథడ్ అనే పేర్లతో ప్రచారంలో ఉన్నాయి. సాయం చేసేవాళ్లకు ఒక బొమ్మ, పిల్లలకు వేరే బొమ్మ చూపించి ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్‌ను పరీక్షించినప్పుడు, టైప్ అయింది సాయం చేసేవాళ్లు చూసిన బొమ్మ పేరే. ఈ రెండు పద్ధతులూ వాడొద్దని అమెరికన్ స్పీచ్ లాంగ్వేజ్ హియరింగ్ అసోసియేషన్ 2018లో స్పష్టంగా చెప్పింది. బిడ్డ మనసులోని మాట వినాలన్న తల్లిదండ్రుల ఆరాటం నాకు తెలుసు. అందుకే ఆ మాట నిజంగా బిడ్డదే కావాలి.

కొనే ముందు, కొన్నాక

అరగంట డెమో చూసి కొనకండి. ట్రయల్ అడగండి, కనీసం కొన్ని వారాలు ఇంట్లో, బడిలో, బయట వాడి చూడండి. రోజుకు రెండు వాక్యాలు రాసుకోండి: ఎవరూ అడగకుండా తనంతట తాను ఏం చెప్పాడు, ఎవరికి చెప్పాడు. బొమ్మలు ఎన్ని గుర్తుపట్టాడన్న లెక్క కంటే ఇదే అసలు కొలత. ఊరికే బటన్లన్నీ నొక్కుతుంటే తిట్టకండి, పసిపిల్లల ముద్దుపలుకుల్లాగే అదీ నేర్చుకోవడమే.

ట్రయల్‌లో ఇంట్లో ఎంతమంది దాన్ని వాడుతున్నారో కూడా గమనించండి. తల్లి ఒక్కతే వాడితే పిల్లవాడు తల్లితో మాత్రమే మాట్లాడతాడు. నాన్నకు, తాతయ్యకు, అమ్మమ్మకు తలా ఐదు మాటలు అప్పగించండి. "ఇవి మీరు రోజూ చూపించాలి" అంటే ఎవరూ కాదనరు.

బడిలో గొడవ చేస్తున్నాడనో, పదే పదే ఒకే మాట నొక్కుతున్నాడనో సాధనాన్ని లాక్కుని టేబుల్ మీద పెట్టడం జరుగుతుంటుంది. ఇది నోరు మూయడంతో సమానం, ఒప్పుకోవద్దు. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన దివ్యాంగుల హక్కుల ఒడంబడిక, సంభాషణ అనే మాట నిర్వచనంలోనే ఈ ప్రత్యామ్నాయ పద్ధతులను చేర్చింది. ఆ సంగతి టీచర్‌కు మర్యాదగా, రాతపూర్వకంగా చెప్పండి.

చివరిగా కొన్ని చిన్న పనులు. యాప్‌లో చేర్చుకున్న మాటలన్నిటినీ నెలకోసారి బ్యాకప్ తీయండి. ప్రధాన పేజీని అదే అమరికతో ప్రింట్ తీసి ఒకటి బ్యాగులో, ఒకటి స్నానాల గది తలుపుకు, ఒకటి బడిలో ఉంచండి, చార్జింగ్ అయిపోయినప్పుడు మాట ఆగకూడదు. తరగతి, టీచర్, స్నేహితులు మారినప్పుడల్లా కొత్త పేర్లు అదే రోజు చేర్చండి. ఆరు నెలలకోసారి థెరపిస్ట్‌తో కూర్చుని దాచిన మాటల్లో ఏవి తెరవాలో చూడండి.